పెదవులు కలిసే మాట

చావడంలో ఆయనకున్నంత అనుభవం ఆ ఊళ్ళో మరొకరికి లేదు. కత్తిపోట్లకు చచ్చాడు, తూటాలకు చచ్చాడు, కొండచరియ విరిగిపడితే చచ్చాడు, ఓడ మునిగితే అందులోని ప్రయాణికులందరి తరఫునా ఒక్కడే చచ్చాడు. అన్నీ గొంతుతోనే. తెరమీద కుప్పకూలేది మరెవడో. కూలేటప్పుడు వాడి నోట్లోంచి వచ్చే ఆఖరి ‘ఆఁ’ మాత్రం ఈయనది. డబ్బింగ్ హాల్లో అందరూ ఆయన్ని హాహాకారంగారని పిలిచేవారు. ‘హాహాకారం’ వృత్తికి, ‘గారు’ నెరిసిన జుట్టుకి. తల్లిదండ్రులు పెట్టిన పేరు వాడకం లేక తుప్పుపట్టింది.

ఇంతటి మహోన్నతమైన వృత్తిలో ఆయనకు బొత్తిగా గిట్టనిది మైకు. దాని మూతికి ఒక స్పాంజి తొడుగు ఉంటుంది. ఎందరు ప్రేమికుల ప్రమాణాలు, ఎందరు దుర్మార్గుల బెదిరింపులు, ఎందరు తల్లుల శాపనార్థాలు ఆ తొడుగు విన్నదో లెక్కలేదు గాని, అందరి తుంపర్లనూ అది పదిలంగా దాచుకుంది. దానికి బెత్తెడు దూరంలో ముక్కు పెట్టి దేశం కోసం ప్రాణాలర్పించాలి. గోడలకు కొట్టిన తివాచీ ఒకప్పుడు ఎర్రగా ఉండేదని పాతవాళ్ళు చెబుతారు. ఇప్పుడది ఏ రంగో తేల్చి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. అందుకని ఆయన జేబులో ఉతికి మడతపెట్టిన రుమాలు ఒకటి ఎప్పుడూ ఉండేది, మైకు మీద కప్పడానికి.

“శవానికి గుడ్డ కప్పుతున్నావా బాబాయ్?” అని సౌండింజినీరు మొదట్లో వేళాకోళం చేశాడు. తర్వాత రుమాల్లోంచి వచ్చే చావు కాస్త మెత్తగా, వినసొంపుగా ఉంటోందని ఒప్పుకుని ఊరుకున్నాడు.

భార్య పోయిన దగ్గర్నుంచీ ఆయన భోజనం రెండు పూటలా వదినగారింట్లో. అన్నయ్య అంతకు చాలా ఏళ్ళ ముందే యుద్ధంలో పోయాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే గొంతు. పెళ్ళయిన కొత్తలో వీధిలోంచి ఎవరు పిలిచినా ఎవరో పోల్చుకోలేక వదినగారు, “ఎవరైతేనేం, చెప్పులు బయట విప్పి రండి” అనేది. ఇప్పటికీ ఆయన గుమ్మంలోంచి “వదినా” అంటే లోపల గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది. ఆగడం ఆయనకు వినిపిస్తుంది. విననట్టు చెప్పులు విప్పుతాడు.

ఆ అన్నయ్య ఏ పనికైనా ఆఖర్నే బయల్దేరేవాడు. పెళ్ళికైనా, సినిమాకైనా, ఆస్పత్రికైనా ఇల్లంతా వీధిలో నిలబడి ఉంటే ఆయన లోపల బూటు తాడు ముడి వేస్తూ, “మీరు పోండి, నేనొస్తా” అనేవాడు. సైన్యంలో చేరినా ఆ ముడి తొందరగా పడలేదు. తోటివాళ్ళు తాబేలని పేరుపెట్టారు. కొండమీది చిన్న శిబిరంలో వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చోవడం ఆయన ఉద్యోగం. కూర్చునే ఉద్యోగం కనక రాణించాడు.

యుద్ధం అయ్యాక ఆ దళంలో వంట చేసే మనిషి వెతుక్కుంటూ వదినగారింటికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని చెప్పాడు: “శత్రువులు పైకి ఎక్కేస్తున్నారమ్మా. అందరం దిగిపోతున్నాం. అందరికంటే ముందు మేజరుగారు దిగారు, ఆయన వెనకాల నేను. అబద్ధమెందుకు? తాబేలు మాత్రం సెట్టు దగ్గర్నుంచి లేవలేదు. మేం పిలిస్తే, ‘మీరు పోండి’ అన్నాడు. సెట్టులో మాట వినబడుతున్నంతసేపూ పైన జనం ఉన్నారనుకుని శత్రువులు ఆగారు. మేం దిగిపోయాం.”

వదినగారు అప్పటిదాకా అతని మాట నమ్మాలా వద్దా అని చూస్తోంది. ‘మీరు పోండి’ అనగానే నమ్మేసింది. ఆ మాట బయటివాళ్ళు కల్పించగలిగేది కాదు.

ఆ మేజరుగారు తర్వాత పెద్ద పెద్ద పదవులు చేసి, మెత్తటి పరుపు మీద కన్నుమూసే ముందు ఆత్మకథ రాసుకున్నారు. కొండ దిగిన ఘట్టాన్ని అందులో ఎక్కినట్టు రాశారు. ఆ పుస్తకం ఇప్పుడు సినిమా అయింది.

ఇంటికి తూము ఎలాంటిదో సినిమాకి డబ్బింగ్ హాలు అలాంటిది. పైన ఎవరు ఏం కడిగినా చివరికి అక్కడికే వస్తుంది. ఆ మహాచిత్రం నిర్మాణ విశేషాలన్నీ అలాగే హాహాకారంగారి చెవిన పడ్డాయి. మేజరు వేషం వేసినవాణ్ణి అందరూ బాబు అంటారు. బాబుగారి మనవడికి పాలపళ్ళు ఊడుతున్నా ఆ పిలుపు మారలేదు. బాబు కుడి చెంప అందమైనదని శాస్త్రం, అందుచేత యుద్ధమంతటా గాయాలు ఎడమ చెంపకే అయ్యాయి. సైన్యానికి నేలమీది బురద పూశారు. బాబుకి మాత్రం పన్నీరు కలిపిన బురద వేరే గిన్నెలో వచ్చింది. కూలి సైనికుల్లో ఇద్దరు ఎండకు సొమ్మసిల్లి పడిపోతే దర్శకుడు కట్ చెప్పకుండా, “సహజంగా ఉంది, తీస్తూనే ఉండండి” అన్నాడట. ఒక విశ్రాంత సైనికాధికారిని సలహాదారుగా పెట్టుకున్నారు. టోపీ ఎటు వంచాలో తప్ప ఆయన్ని ఏదీ అడగలేదు. ఆయన కుర్చీలో నిద్రపోతూ ఆదర్శప్రాయమైన క్రమశిక్షణ చూపించాడు.

ఇవన్నీ విని హాహాకారంగారు ముక్కు చిట్లించాడు, అంతే. రోత ఆయనకు అలవాటే. అది లేని సినిమా ఏదీ ఆయన గొంతు దాకా రాలేదు. ఇది ఏ యుద్ధమో, ఏ మేజరో అడగనూ లేదు. ఆయనకు ఎప్పుడూ చావు వరకే చెప్పేవారు, కథ చెప్పేవారు కాదు.

కొండమీది దృశ్యం వేసిన రోజు చేతికి ఇచ్చిన కాగితంలో ఇలా ఉంది: ‘తాబేలు: పారిపోండి! (సెట్టు వదిలి పరిగెత్తును. వీపున తూటా.)’

తెరమీద పొగ. పొగలో వైర్‌లెస్ సెట్టు. సెట్టు ముందు బక్కపలచటి మీసాలవాడు. వాడు ఇటు తిరిగి ఒక్క అరుపు అరిచి, లేచి, పిర్రలకు కాళ్ళు తగిలేలా పరిగెత్తాడు. బాబు నడుమున చేతులు పెట్టుకుని నవ్వాడు: “తాబేలు పరిగెత్తడం ఇవాళే చూశాన్రా!” వాడి వీపున తూటా తగిలింది. బాబు కొండమీద ఒంటరిగా మిగిలాడు, కుడి చెంప వెలుతురుకి తిప్పి.

“ఇక్కడ సినిమా హాల్లో నవ్వులే నవ్వులు బాబాయ్, తూటా తగిలే దాకా” అన్నాడు ఇంజినీరు అద్దం వెనకనుంచి. “ఏమైంది, అలా ఉన్నావు?”

“ఈ యుద్ధం ఎప్పటిది?”

ఇంజినీరు చెప్పాడు. మేజరు పేరు కూడా చెప్పాడు.

హాహాకారంగారు బయటికి వెళ్ళి కొళాయి దగ్గర నోరు పుక్కిలించాడు. ఇంకా ఒక్క మాట కూడా అనలేదు. అయినా నోరంతా పాడైపోయినట్టుంది. గొంతు బాగాలేదని చెప్పి ఆ పూటకి ఇంటికి వచ్చేశాడు.

వదినగారు కంచం పెడుతూ, “పక్కింటివాళ్ళు మనక్కూడా కలిపి టిక్కెట్లు తీస్తారట. మొదటి రోజే” అంది.

“దేనికి?”

“మేజరుగారి సినిమాకి. టీవీలో ఒకటే ఊదరగొడుతున్నారుగా. మీ అన్నయ్య కూడా ఉంటాడంటావా అందులో?”

“ఉంటాడేమో.”

“ఉంటే మాట నువ్వే చెబితే బావుణ్ణు. ఆయన గొంతు విని ఎన్నాళ్ళయింది!” అని, చారు వడ్డిస్తూ, “రోజూ వింటున్నాననుకో. నువ్వు ఉప్పు అడిగినట్టు ఉంటుంది గాని, ఆయన పిలిచినట్టు ఉండదు” అంది.

ఆయన ఉప్పు అడగకుండా తిన్నాడు.

తను మానేస్తే ఇంకొకడు వస్తాడు, ‘పారిపోండి’ అని అరిచిపోతాడు. తను చేస్తే ఆవిడ హాల్లో కూర్చుని, పక్కింటివాళ్ళ మధ్య, మొగుడి గొంతుతోనే ఆ మాట వింటుంది. జనం నవ్వుతారు. ఇది తప్ప ఆయనకు రాత్రంతా ఇంకో ఆలోచన లేదు. తెల్లారి మొహం కడుక్కుని, అద్దంలో పెదవులు చూసుకుంటూ ఆ దిక్కుమాలిన మాట చప్పుడు లేకుండా అని చూసుకున్నాడు. మళ్ళీ అన్నాడు. ఆగాడు.

ప, ఫ, బ, భ, మ అనే అక్షరాలకు పెదవులు కలుస్తాయి. పండితులు వీటిని ఓష్ఠ్యాలంటారు. డబ్బింగ్ హాల్లో ‘మూతపడేవి’ అంటారు. తెరమీద మూతి మూతపడ్డ చోటల్లా మాటలోనూ మూతపడే అక్షరం ఉండాలి. మిగతా చోట్ల ఏం అన్నా జనం పట్టుకోలేరు. ‘పారిపోండి’లో పెదవులు ‘పా’ దగ్గర ఒకసారి, ‘పో’ దగ్గర ఒకసారి కలుస్తాయి. ‘మీరు పోండి’లోనూ అంతే, సరిగ్గా అక్కడే. ‘పా’కి నోరు తెరుచుకుంటుంది, ‘మీ’కి సాగుతుంది, ఆ కాస్త తేడాను మీసమూ పొగా మింగేస్తాయి. ఒక పిరికిపందకీ అన్నయ్యకీ మధ్య ఉన్నది ఇంతే.

హాల్లోకి వెళ్ళి రుమాలు కప్పాడు. బొమ్మ నడిచింది. మీసాలవాడు ఇటు తిరిగాడు.

“మీరు పోండి!”

చావుకేకలు ఎన్నో అరిచిన గొంతు ఈసారి అరవలేదు. బూటు తాడు కట్టుకుంటూ వీధిలోవాళ్ళకు చెప్పినట్టు చెప్పింది.

ఇంజినీరు వెనక్కి తిప్పి చూశాడు. మళ్ళీ చూశాడు. “కాగితంలో ఉన్నది ఇది కాదు బాబాయ్.”

“పెదవులు కలిశాయా లేదా?”

“అతికినట్టు కలిశాయి.” కాస్సేపు తల గోక్కున్నాడు. “మరి పరిగెత్తడం?”

“శత్రువుల్ని తరమడానికి పరిగెత్తాడనుకుంటారు. సాయం పిలవడానికి పరిగెత్తాడనుకుంటారు. ఏదో ఒకటి అనుకుంటారు. నవ్వకుండా ఉంటే చాలు.”

“నాకు సింక్ బాగుంది. నేను అది ఒక్కటే చూస్తా” అని ఇంజినీరు మీట నొక్కేశాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ మధ్యాహ్నమే దర్శకుడు వచ్చాడు. ఆయన నల్లకళ్ళద్దాలు చీకట్లో కూడా తీయడు. తన చిత్రాన్ని తనే చూడలేకపోవడానికి అదే కారణమని ఇంజినీరు అనుమానం. దృశ్యం వేయించుకుని చూసి, కుర్చీలో ముందుకు జరిగాడు.

“ఇదేంటి? ‘మీరు పోండి’ ఎవరు రాశారు?”

ఇంజినీరు మీటల మీదికి వంగాడు.

“బాబాయ్, నువ్వేనా?”

హాహాకారంగారు దాచి ఉండవలసింది. కాని ఆ మాట గురించి మొదటిసారి ఎవరో అడిగారు. “ఆయన అన్న మాట అదేనండీ. అది మా అన్నయ్య. ఆయన పరిగెత్తలేదు. అందరినీ పంపించి తను ఉండిపోయాడు.”

దర్శకుడు కళ్ళద్దాలు తీశాడు. కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. లేచి వచ్చి హాహాకారంగారిని కౌగలించుకుని, ఆ కౌగిలిలోంచే ఫోను ఎత్తి ఇద్దరినీ ఫొటో తీశాడు. “ఇది ప్రమోషన్‌లో వాడదాం. అబ్బా, ఏం మాట! మీరు పోండి! ఒళ్ళు జలదరించింది బాబాయ్.”

“అయితే ఉంచేస్తారా?”

“ఉంచడమా? ఇంత గొప్ప మాట తీసుకెళ్ళి తాబేలు నోట్లో పెడతామా? ఇది బాబు అనాలి!”

హాహాకారంగారికి వెంటనే అర్థం కాలేదు. “అన్నది మా అన్నయ్యండీ.”

“అందుకే కదా దానికింత బలం. ఒకడు పారిపోతేనే బాబాయ్, నిలబడ్డవాడు కనబడేది. అందరూ నిలబడితే కెమెరా ఎవరి మీద పెట్టను?”

“పోస్టరు మీద ‘యథార్థ గాథ’ అని వేశారు కదండీ?”

“గాథ యథార్థమే. పాత్రలే కల్పితం. మొదట్లో కార్డు కూడా వేస్తున్నాం.”

బాబు పక్క హాల్లోనే ఉన్నాడు. కబురందగానే నోట్లో జీడిపప్పు నములుతూ వచ్చాడు. హాహాకారంగారు గోడకు, ఆ రంగు తెలియని తివాచీకి, ఆనుకుని నిలబడ్డాడు. బాబు మైకు ముందుకు వచ్చి, “ఏంటి మాట? మీరు పోండి? మరీ చిన్నది కదయ్యా” అన్నాడు.

“చిన్నదే బాబూ, కాని పేలుద్ది” అన్నాడు దర్శకుడు.

“మీ... రు... పోండి!” కడియాలు మోగాయి. జీడిపప్పు ముక్క ఒకటి రుమాలు మీద పడింది. “మీరు పోండిరా! ‘రా’ పెడితే మాస్‌గా ఉంటది. చూసుకో.”

పెట్టి చూసుకున్నారు. బాగుందనుకున్నారు. బాబు మైకు మీది రుమాలు లాగి మూతి తుడుచుకుని, మెడ వెనక చెమట కూడా తుడుచుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని హాహాకారంగారి చేతిలోనే పెట్టి వెళ్ళిపోయాడు.

“సరే బాబాయ్, తాబేలుది పాతదే, కాగితంలో ఉన్నది కొట్టేయ్” అన్నాడు దర్శకుడు.

“నేను చెప్పను.”

“ఏం?”

“ఇన్నాళ్ళూ ఎవడి చావంటే వాడి చావు చచ్చాను. అడగలేదు. ఈ ఒక్క చావు నావల్ల కాదు.”

“ఎమోషనల్ అవకు. టీ తాగి రా.”

“టీ తాగినా అదే గొంతండీ. మా వదినకి ఆ గొంతు తెలుసు.”

దర్శకుడు కళ్ళద్దాలు పెట్టేసుకున్నాడు. ఇంకెవరినైనా పెట్టి అరిపించమని ఇంజినీరుకి చెప్పి వెళ్ళాడు. హాహాకారంగారు రుమాలుని వేలి కొసలతో పట్టుకుని వాకిట్లోని చెత్తబుట్ట దాకా మోసుకుపోయి, పడేసి, కొళాయి దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆ హాలు వైపు పోలేదు.

ఇంటి దగ్గర ఒకటి రెండుసార్లు ప్రయత్నం చేశాడు. “ఆ సినిమా ఏమీ బాగాలేదట వదినా.”

“చచ్చినవాళ్ళ సినిమా బాగుండటం ఏమిటి! చూసొద్దాం” అంది ఆవిడ.

వెళ్ళారు. హాలు కిటకిటలాడింది. కాళ్ళకింద ఎవరో ఒలకబోసిన తీపి పానీయం ఎండి, అడుగు తీసినప్పుడల్లా చెప్పు నేలను ముద్దుపెట్టుకుంటోంది. బాబు కనబడగానే ముందువరసలవాళ్ళు కాగితాలు చించి ఎగరేశారు. కొండ వచ్చింది. పొగ వచ్చింది. బాబు, “మీరు పోండిరా!” అన్నాడు. హాలు హోరెత్తిపోయింది. ఈలల మధ్య హాహాకారంగారు వదినగారి వైపు చూడలేక తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. ఇప్పుడు వస్తుంది ఆ మాట. ఎవడి గొంతుతో వస్తుందో మరి.

రాలేదు. మీసాలవాడు ఇటు తిరిగాడు, మూతి కదిలింది, పెదవులు రెండుసార్లు కలిశాయి, అంతే. డ్రమ్ములు తప్ప ఏమీ వినబడలేదు. సీట్లు అదిరేలా డ్రమ్ములు. వాడు పరిగెత్తాడు, పడ్డాడు. డ్రమ్ముల్లో బాబు జోకు కూడా సగం మునిగిపోయింది. నవ్వడానికి జనానికి వ్యవధి చాల్లేదు.

ఇంజినీరు! ఇంకెవర్నీ పిలవనే లేదన్నమాట. హాహాకారంగారికి అతని చెయ్యి పట్టుకోవాలనిపించింది. అంతలోనే, ఇంత పెద్ద సైన్యంలో, ఇంతమంది నిపుణుల్లో, అన్నయ్య పరువు కాపాడటానికి దొరికిన ఆయుధం చెవులు పగిలే ఈ రొద ఒక్కటేనా అనిపించి మళ్ళీ ఏవగింపు కలిగింది.

వదినగారు ఆయన చెవి దగ్గరికి వంగింది. “చూశావా? అన్నాడు.”

“ఏమన్నాడు?”

“మీరు పోండి అన్నాడు. మాట వినపడనివ్వలేదు గాని మూతి చూశాగా! ఆ లావుపాటాయన అదే మాట ఎత్తుకుపోయి ముందే అనేశాడు, సిగ్గులేకుండా. దొంగమొహం.”

“మరి పరిగెత్తాడు కదా వదినా?”

“ఆ పరిగెత్తినవాడెవడో నాకు తెలీదు. మీ అన్నయ్యకి పరుగు ఎక్కడొచ్చు? మూతి కదిలినప్పుడు మాత్రం ఆయనే.”

ఆ నటుడు కెమెరా ముందు నిజంగా అన్నది ‘పారిపోండి’ అని, ఆ రెండింటికీ పెదవులు ఒకేచోట కలుస్తాయని హాహాకారంగారు చెప్పలేదు. చెప్పడానికి నోరు తెరిచి, దాన్ని ఆవులింతగా మార్చేశాడు.

సినిమా అయిపోయి పేర్లు మొదలయ్యాయి. బాబుగారి పేరు, బాబుగారి కేశాలంకరణ, బాబుగారి వంటమనిషి. బురద కలిపినవాళ్ళకు కూడా ఒక వరుస ఉంది. వదినగారు లేవలేదు, నీ పేరు వచ్చేదాకా కూర్చుంటానంది. ఈ సినిమాలో తను ఒకరిద్దరు సైనికుల తరఫున చచ్చిన మాట నిజమే, కాని దాన్ని ‘తదితరులు’ అంటారని చెప్పినా వినలేదు. జనం కాళ్ళు తొక్కుకుంటూ బయటికి పోతున్నారు. చీపురు పట్టుకున్న మనిషి ఆ మూల కాగితం ముక్కలు ఊడవడం మొదలుపెట్టాడు. తెరమీద పేర్లూ, గోడల్లోంచి డ్రమ్ములూ ఆగడం లేదు.

పక్కింటివాళ్ళు తలుపు దగ్గర నిలబడి రమ్మని చేతులు ఊపారు. వదినగారు ఆ వైపు తిరిగి ఏదో అంది. డ్రమ్ముల్లో ఆయనకు ఒక్క అక్షరం వినబడలేదు. పెదవులు రెండుసార్లు కలిశాయి.

ఆయన కూడా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.